పచ్చదీపం బండి

సైదమ్మకు కండ్లలో పొరలు వచ్చిన ఏడాది నుంచి జడ్చర్ల మెల్లమెల్లగా కరిగిపోసాగింది. ముందు దూరాన ఉన్న గుట్టలు పోయాయి. తర్వాత చెట్ల కొమ్మలు, ఆ తర్వాత మనుషుల ముక్కూ మొగమూ. మిగిలింది రంగులే. పొద్దున పాలలో తడిసినట్టు తెలుపు, మధ్యాహ్నం కండ్లు పొడిచే పసుపు, పొద్దుగూకే వేళ నేలకూ ఆకాశానికీ తేడా లేని ఎరుపు. మొదట్లో ఏడ్చింది. పోను పోను ఆ రంగుల్లో నడవడం, మోకాటి లోతు నీళ్లలో నడిచినట్టు, అలవాటైపోయింది.

ఆమెది పత్తి మిల్లులో పని. కుమ్మరించిన పత్తిలోంచి ఆకు ముక్కలూ పుచ్చు గింజలూ ఏరే ఆడవాళ్లతో కూర్చునేది. ఏరడానికి వేళ్లు చాలు. పక్కింటి గుర్వమ్మ కూడా అక్కడే పని చేసేది. పొద్దున చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. సాయంత్రం మాత్రం సైదమ్మ ఒక్కతే బయలుదేరేది. "తొవ్వ నా కాళ్లకు ఎరికే, నువ్వు పోరాదు" అనేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి, మిల్లు సేటు ఒక పాత మిలిటరీ లారీ కొన్నాడు. దానికి నీళ్ల ట్యాంకీ, పంపు బిగించి ఎర్రరంగు వేయించాడు. నెత్తిన ఎర్ర అద్దం దీపం, పక్కన ఇత్తడి గంట. మిల్లులోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో నిప్పంటుకున్నా ఆ బండే పోవాలి. తోలేవాడు ఫక్రుద్దీన్. యుద్ధంలో లారీలు నడిపి వచ్చిన మనిషి, మాట నెమ్మది.

ఒక సాయంత్రం దగ్గరి పల్లెలో రామమ్మ అనే ఆమె గడ్డివామి అంటుకుందని కబురొచ్చింది. ఫక్రుద్దీన్ బండి దౌడు తీయించాడు. ఎదురుగా పొద్దు కుంకుతోంది. ముందు పోయిన ఎడ్లబండ్లు లేపిన ఎర్రదుమ్ము దారి నిండా నిలిచి ఉంది. ఆ దుమ్ములో సైదమ్మ దారి దాటుతూ ఇంటికి పోతోంది. గంట వినబడింది గాని, ఎడ్ల మెడల గంటలు కూడా మోగుతున్నాయి. ఏది ఎవరిదో తెలియలేదు. ఒక్కసారి ఎవరో చెవిలో అరిచినట్టు బ్రేకు కీచుమంది. వేడిగాలి ఆమె కొంగును లాగి వదిలింది. లారీ ఆమెను తప్పించబోయి కాలువలోకి ఒరిగింది.

ఫక్రుద్దీన్ దిగి పరుగెత్తుకొచ్చాడు. "అరే పెద్దమ్మా! ఇంత పెద్ద బండి, ఇంత దీపం, కనపడలేదా?"

సైదమ్మ గొంతు వచ్చిన దిక్కుకు తిరిగింది. "పొద్దు ఎర్రగుంది బిడ్డా, దుమ్ము ఎర్రగుంది. నీ బండి, నీ దీపం గూడ ఎర్రగనే ఉండె. అండ్ల నేను దేన్ని సూడాలె?"

అప్పుడే ఆగిన బండివాళ్లు కూడా అదే మాట అన్నారు. కండ్లు బాగున్నవాళ్లే, మీదికి వచ్చిందాకా చూడలేదట. లారీని కాలువలోంచి ఎక్కించేసరికి రామమ్మ గడ్డివామితో పాటు గుడిసె కూడా కాలిపోయింది. ఫక్రుద్దీన్ నీళ్లు తెచ్చేసరికి ఆమె గుడిసె ముందు కూర్చుని బూడిదలోంచి మాడిన గిన్నెలు ఏరుకుంటోంది. ఆ దృశ్యమే అతనికి నిద్ర లేకుండా చేసింది.

మూడోనాడు మిల్లు వదిలే వేళ సైదమ్మ దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, నువ్వు జరసేపు గేటు బయట కూసో. నేను దూరంకెళ్లి బండి తెస్త. దీపం అగుపడంగనే చెయ్యి లేపు."

"గుడ్డిదాన్ని పరీక్ష పెడ్తవా బిడ్డా?"

"నీకు అగుపడితే లోకానికంత అగుపడ్తది."

అలా ఆ సాయంత్రాలు మొదలయ్యాయి. సైదమ్మ గేటు పక్క రాతి మీద ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునేది. ఎదుట దారి ఒక ఎర్రని చెరువులా పరుచుకుని ఉండేది. ఆ చెరువులోంచి ఏం తేలి వస్తుందో అని చూసేది. ఫక్రుద్దీన్ రోజుకొక అద్దం మార్చేవాడు. పాత ఎర్ర అద్దం దగ్గరికొచ్చి ఉరిమిందాకా తేలలేదు. దవాఖాన మందుసీసా నుంచి తీసిన నీలం అద్దం చీకట్లో నిప్పు చల్లారినట్టు కలిసిపోయింది. పసుపుపచ్చది కనపడింది గాని, "ఎవరింట్లనో దీపం పెట్టిన్రనుకుంట, పక్కకు జరుగను" అంది సైదమ్మ.

ఆఖరికి అతను పీర్ల చావిడి చూసుకునే గులాం నబీని బతిమాలి ఒక పాత పచ్చ కందిలి అద్దం తెచ్చాడు. ఆ సాయంత్రం సైదమ్మ చాలాసేపు ఊరికే కూర్చుంది. ఎరుపులో ఎరుపు కలుస్తోంది. ఉన్నట్టుండి ఆ నడుమ ఒక చుక్క మొలిచింది. వాన పడిన మర్నాడు చెలకలో తల ఎత్తిన మొలక రంగు. అది వణకలేదు, కరగలేదు. తనవైపే వస్తోంది. వాళ్లమ్మ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డ ఆమె. చిన్నప్పుడు నాయిన భుజం మీద నుంచి చూసిన పచ్చగుడ్డలు, ఊదుపొగ, జనం గుర్తుకొచ్చాయి. చెయ్యి దానంతటదే లేచింది. బండి ఇంకా రైలు గేటుకు అవతలే ఉందని తర్వాత ఫక్రుద్దీన్ చెప్పాడు.

స్టేషన్ మాస్టరుకు ఇది నచ్చలేదు. "మా పట్టాల కాడ పచ్చ అంటే పొమ్మని. నీ పచ్చ జూసి బండ్లోళ్లు రైలుకు అడ్డం వస్తే ఎట్ల?"

ఆ మాటలోనూ న్యాయం ఉంది. అతనూ ఫక్రుద్దీనూ చాయ్ తాగుతూ ఒక మాటకొచ్చారు. ఎర్రదీపం దాని జాగాలోనే ఉంటుంది, పక్కన పచ్చది. రైలు గేటు దగ్గర మాత్రం పచ్చదాని మీద గోనెసంచి కప్పాలి. ఆ తర్వాత దారిలో ఒక వింత జరిగేది. పచ్చదీపం చూసి ఏదో దర్గా గంధం ఊరేగింపు వస్తోందనుకుని బండివాళ్లు దూరం నుంచే ఎడ్లను పక్కకు తోలి, దిగి సలాం చేసేవారు. మంటలార్పే బండి దుమ్ము రేపుకుంటూ పోయాక ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకునేవారు.

పత్తి సీజను ముగిసే రోజుల్లో మిల్లుకే నిప్పంటుకుంది. పని వదలబోయే వేళ, మిల్లు ఇంజను నుంచి నిప్పురవ్వ ముందు గేటు పక్క పత్తి కుప్ప మీద పడింది. పత్తి భగ్గుమనలేదు, లోలోపల రాజుకుని ఒక్కసారి పొగ కక్కింది. ఏరే కొట్టంలో ఉన్న ఆడవాళ్లు అలవాటు కొద్దీ ముందు గేటుకే పరుగెత్తారు. అక్కడ మంట లేచింది. వెనక్కి తిరిగేసరికి కొట్టం, గోడ, బావి, అన్నీ పొగలో మునిగిపోయాయి.

"దిక్కు దెలుస్తలేదే అత్తా! నాకేం అగుపడ్తలేదు!" గుర్వమ్మ గొంతు దగ్గుతో తెగిపోయింది.

సైదమ్మకు మాత్రం ఆ పొగ కొత్త లోకమేమీ కాదు. ఏడాదిగా ఆమె బతుకుతున్నది అందులోనే. ఆమె నిలబడి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా చుట్టూ తిరిగింది. ఒకవైపు ఎరుపు, ఊగుతూ. ఇంకోవైపు కూడా ఎరుపు. దాని పక్కనే, ఊగకుండా, పచ్చటి చుక్క. బావి దగ్గర పంపు పెట్టాలని ఫక్రుద్దీన్ బండిని వెనక గేటుకు తిప్పాడన్నమాట.

"గుర్వీ, నా కొంగు పట్టు. నీ కొంగు ఎనకామెకియ్యి. ఎవ్వరు ఇడ్వకుండ్రి."

"అటు పోకు అత్తా! అటు గూడ ఎర్రగ మండుతాంది!"

"మండుత లేదే, అది దీపం. పక్కపొంటి పచ్చగ ఉన్నది జూడు. మంటకు పచ్చరంగు యాడ ఉంటది?"

కొంగు కొంగు పట్టుకుని ఆడవాళ్లు కదిలారు. సైదమ్మకు ఆ నడక ఎంతసేపు సాగిందో తెలియలేదు. కాళ్ల కింద పత్తి మెత్తగా అణిగింది. దూది రేణువులు నిప్పు అంచులతో, చుక్కలు రాలినట్టు, పక్కనుంచి తేలిపోయాయి. భయం వేయాల్సిందే, గాని ఎందుకో కలలో తనే ఎక్కడికో పెండ్లికి పోతున్నట్టనిపించింది. పచ్చచుక్క పెద్దదవుతూ, పెద్దదవుతూ, చివరికి ఆమె చెయ్యి చల్లని తడి ఇనుముకు తగిలింది. పక్కనుంచి నీళ్లు చిమ్మి మొహాన పడ్డాయి.

"వచ్చినవా పెద్దమ్మా!" ఫక్రుద్దీన్ గొంతు పంపు మోతలో పగిలిపోయింది. "అందరొచ్చిన్రా?"

అందరూ వచ్చారు. కొట్టం దక్కలేదు. మంటలార్పే పనిలో ఫక్రుద్దీన్ ఎడమచెయ్యి మోచేతి దాకా కాలి, మానినా వేళ్లు రెండు వంగిపోయాయి. ఆ ఏడాది ఆడవాళ్లు మిల్లులో కూలి లేక శనగచేలకు పోయారు.

వానాకాలం పోయాక మహబూబ్‌నగర్ దవాఖానకు కండ్ల డాక్టరు వచ్చాడని విని, గుర్వమ్మ, ఫక్రుద్దీన్ సైదమ్మను తీసుకుపోయారు. ఆపరేషన్‌తో కుడికన్ను బాగైంది, ఎడమది కాలేదు. కట్టు విప్పి మందపాటి అద్దాలు పెట్టగానే ఆమె భయపడి కండ్లు మూసుకుంది. గోడకు అంచులున్నాయి, మంచానికి కోళ్లున్నాయి, లోకమంతా కత్తెరతో కత్తిరించినట్టుంది.

కాసేపటికి ధైర్యం చేసి తెరిచింది. ఎదురుగా స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మొహం మీద మశూచి మచ్చలు, చెవులు పెద్దవి.

"ఎవరయ్యా నువ్వు?"

"నేనే పెద్దమ్మా. ఫక్రుద్దీన్‌ను."

సైదమ్మ అతన్ని కిందినుంచి మీదికి చూసింది. "గంత పెద్ద బండి దోలేటోడు ఇంత పొట్టిగున్నడా!" అంది. గుర్వమ్మ పగలబడి నవ్వింది. ఫక్రుద్దీన్ కూడా నవ్వుతూ వంగిన వేళ్లతో మీసం సవరించుకున్నాడు. సైదమ్మ ఆ వేళ్లను చూసి, నవ్వు ఆపి, రెండు చేతులతో అతని చేతిని అందుకుంది.