మూడో పేరు

మా వైపు ఆడపిల్ల పెళ్లికి జామీను మేనమామే. కాపురంలో గొడవొస్తే కబురు ముందు నాకే వస్తుంది. నేను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నానంటే చాలు, ఎంత మొండి ఆడదైనా మొగుడి మాటకు తల వంచాల్సిందే. షిరే నదిలో ఒకసారి నీటిగుర్రాల జంటకు కూడా రాజీ కుదిర్చాను. ఆ ఆడగుర్రం ఇప్పటికీ నన్ను చూస్తే నీళ్లలో మునిగి దణ్ణం పెడుతుంది.

అలాంటి నన్ను జోంబా పట్నానికి పిలిపించాడు, మా మేనకోడలు ఎనిఫా మొగుడు లాస్టన్. యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. పేరుకు ముందు డాక్టరు అని ఉంటుంది, నా మోకాలి నొప్పికి మాత్రం మందు తెలీదు.

"మామయ్యగారూ, మీ అమ్మాయి మా పరువు తీసింది. మీరే బుద్ధి చెప్పాలి" అన్నాడు.

ఏం తీసిందో వంటింట్లో ఎనిఫాయే చెప్పింది.

అంతకుముందు శనివారం ఆమె చంబో చేపలకు పొలుసు తీస్తోంది. ఆమె వ్యాసాన్ని ఒక పెద్ద పత్రిక అచ్చుకు ఒప్పుకుందని విందు. వ్యాసం ఒక్కటైనా అచ్చయితేగాని అక్కడ పీహెచ్‌డీ పట్టా ఇవ్వరు. చిల్వా సరస్సు ఒడ్డున చేపలకు పొగబెట్టే ఆడవాళ్ల పక్కన బురదలో కూర్చుని, వాళ్లతోపాటు దగ్గి, వాళ్ల మాటలు రాసుకుని, ఇంటికొచ్చి పిల్లలకు స్నానాలు చేయించి, ఆ తర్వాత ఆ వ్యాసం రాసింది ఎనిఫా. దాని మీద మొదటి పేరు ఆమె గైడు ప్రొఫెసర్ చిలెంగాది. రెండోది మొగుడిది. ఆమెది మూడోది. "కామాలన్నీ దిద్దింది నేను కాదూ? అయినా ఇంటిపేరు ఒకటేగా, ఎవరిది ముందుంటే ఏంటి?" అన్నాడు లాస్టన్. ఒకటే అయితే మీది వెనక పెట్టొచ్చుగా అనుకుందిగానీ అనలేదు. "నా పేరు కనబడితేనేనమ్మా ఎడిటర్ కళ్లు తెరిచేది" అన్నాడు ప్రొఫెసర్. "మొగుడి వెనక నడవడానికి నామోషీ ఏమిటే?" అంది అత్తగారు. ఆమెకు పూర్తిగా దక్కింది ఒక్కటే, పత్రికకు జవాబులు రాసే పని. పత్రికవాళ్లు ముగ్గురితో మాట్లాడరు, జవాబుదారుగా ఒకరి పేరు అడుగుతారు, ఆ ఒకరి మాటే వింటారు. "ఆ గుమస్తా పని నాకెందుకు?" అని ప్రొఫెసర్, "నాకు తీరికలేదు, నువ్వు చూసుకో" అని మొగుడు, దాన్ని అంట్లగిన్నెలా ఆమె ముందుకు తోశారు. ఊరూ పేరూ తెలియని పరీక్షకుల ఎత్తిపొడుపులన్నిటికీ ఒక చేత్తో కూర కలుపుతూ ఆమే జవాబులు రాసింది. "ఇంకా రాలేదా? ఇంత ఆలస్యమా?" అని మాత్రం ఇద్దరూ అడిగేవాళ్లు.

విందులో ప్రొఫెసర్ నిగనిగలాడే బూట్లు బల్ల కింద చాపుకుని, "ఆ సరస్సు బురదలో ఎంత తిరిగామనుకున్నారు!" అన్నాడు. ఆయన ఆ సరస్సును చూసింది గోడ క్యాలెండర్ మీద.

"మరి మన తర్వాతి వ్యాసం ఎప్పుడు లాస్టన్?"

"ఎనిఫా రాసేస్తుంది లెండి సార్. ఖాళీగానే ఉంటుందిగా."

అంతలో ప్రొఫెసర్ గొంతులో చేపముల్లు గుచ్చుకుంది. కళ్లు గుడ్లగూబ కళ్లయ్యాయి. మొక్కజొన్నపిండితో వండిన న్సిమా ముద్దలు మింగించి, వీపు మీద చరిచి మా అల్లుడుగారు గైడును బతికించుకున్నాడు.

ఎనిఫా చేతిలో గిన్నె అలాగే ఉంది. ఖాళీగానే ఉంటుంది! వీళ్లకా ఇన్నేళ్లు భయపడింది? వీళ్ల మెప్పు కోసమా, జ్వరంతో ఉన్న పిల్లను పక్కింట్లో వదిలి సరస్సుకు పరిగెత్తింది? కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. పాచిపోయిన కూర మూత తీసినప్పటి ఏవగింపు వచ్చింది, అంతే. వంటింట్లోకి వెళ్లి, చేతులు తుడుచుకుని, మొక్కజొన్నపిండి బస్తా మీద ల్యాప్‌టాప్ తెరిచింది. "ఈ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పని నా ఒక్కదానిదే. పేర్లు తప్పుగా ఇచ్చాను" అని ఎడిటర్‌కు రాసింది. పట్టా కనీసం ఏడాది వెనక్కి పోతుందని తెలుసు. గైడు వదిలేస్తాడనీ తెలుసు. పంపేసింది. వచ్చి మళ్లీ వడ్డించింది.

మంగళవారం ఎడిటర్ సరేనని ముగ్గురికీ రాశాడు. ఇల్లు అంటుకుంది. అప్పుడు గుర్తొచ్చాను నేను.

టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. "చూడు తల్లీ, మొగుడన్నాక..." అని మొదలుపెట్టాను.

"మామయ్యా, మీరు జామీనున్నది నా కాపురానికి. నా రాతకు కాదు. టోపీ పెట్టుకోండి, చలిగా ఉంది."

పెట్టుకున్నాను. నిజంగానే చలిగా ఉంది. ఆడవాళ్ల తలలు వంచుతానని ఇందాక కోశాను చూడండి, ఆ వేళ వంగిన తల నాదే.

"మరి నా ప్రమోషన్?" అన్నాడు లాస్టన్. పెళ్లాం పట్టా గురించి కాదు, గమనించండి.

"మీరూ ఒకటి రాయండి. కామాలు నేను దిద్దిపెడతాను" అంది ఎనిఫా.

ఆ వ్యాసాన్నే ఇంకో పత్రికకు తన ఒక్క పేరుతో పంపింది. వాళ్లింకా ఏమీ తేల్చలేదు. గైడు వదిలేశాడు, మరొకరిని వెతుక్కుంటోంది.

నీటిగుర్రాల సంగతి పక్కన పెడితే, ఇందులో నేను అల్లింది ఆ చేపముల్లు ఒక్కటే. అంత పుణ్యం ఎక్కడిది? ఆ రోజు ప్రొఫెసర్ సుఖంగా తిని, మిగిలిన చేపలు కూడా ఇంటికి మోసుకుపోయాడు. ఎనిఫాయే పొట్లం కట్టి ఇచ్చిందట.

"నీకేం పట్టిందే, కట్టి మరీ ఇచ్చావు?" అన్నాను.

"నా దగ్గర్నుంచి ఆయన పట్టుకెళ్లే ఆఖరిది అదేగా మామయ్యా" అంది. "పోనిద్దురూ, తిననీయండి."