విడుదల విందు

ఈ ఉత్తరదేశంలో బానిసను వదిలేశామని యజమాని నోటితో అంటే చాలదు. ఆ బానిస సొంతంగా పండించుకున్న బార్లీతో బీరు కాచి, పొట్టేలును కోసి, యజమానిని పిలిచి విందు పెట్టాలి. ఆ బీరు యజమాని గొంతు దిగాకే విడుదల.

నా విందుకి నా యజమానురాలు ఆస్‌గెర్డమ్మ వచ్చి పెద్దపీట మీద కూర్చుంది. ఐర్లండు నుంచి నన్ను పడవలో పట్టుకొచ్చిన నాటి నుంచీ ఆవిడ నా వంటకు వంక పెట్టని పూట లేదు. కొమ్ముపాత్ర ఎత్తి పెదవి తడుపుకుని మొహం చిట్లించింది.

"పులిసిపోయిందే, డెర్వాల్! ఇన్నేళ్లు నేర్పినా నీకు బీరు కాయడం రాలేదు."

నాకు ఒళ్లు మండింది. "పులుపో తీపో, ముందు తాగండమ్మగారూ!"

చుక్క మిగల్చకుండా తాగింది. ఖాళీ కొమ్ము నా వైపు చాచి, "ఇంకాస్త పొయ్యవే" అంది.

అలవాటు కొద్దీ సగం లేచాను. లేచినదాన్ని మళ్లీ కూర్చున్నాను.

"కూజా మీ పక్కనే ఉంది, ఆస్‌గెర్డ్ గారూ."

ఆవిడ నన్ను చూసి, నవ్వి, కూజా ఎత్తింది. ముందు నా కొమ్ము నింపి, తర్వాత తనది నింపుకుంది.

"తాగమ్మా."

తాగాను. నిజంగానే పులిసిపోయింది. అయినా మళ్లీ పోయించుకున్నాను.