వేలంలో కొన్న పీచ్ జాం

నేను ఒక గాజు సీసాని. మూతి వెడల్పు, మనసు ఇరుకు. ఇప్పుడు పెంటపోగు మీద పడున్నాను గానీ, ఒకప్పుడు కాఫీపొడి కొట్టులో మర్యాదగా బతికినదాన్నే. కొట్టు మూతపడ్డాక పాతసామాన్లవాడి బుట్టలోంచి బాపట్లలో ఒక ఇంటికి చేరాను. మనుషులు ఎంత నవ్వుతూ కక్ష తీర్చుకుంటారో నాకు తెలిసింది ఆ ఇంట్లోనే.

ఇంటి పెద్దకోడలు దొర్కమ్మ. ఆవిడ తమ్ముడు నీలగిరి కొండల్లో, కూనూరులో ఉద్యోగం చేస్తూ, ఏటా ఎండాకాలం బుట్టెడు పీచ్ పండ్లు రైల్లో పంపేవాడు. వాటితో ఆవిడ చేసే జాం ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు. రొట్టెకి రాసుకున్నా, వేడి చపాతీలో చుట్టుకున్నా, క్రిస్మస్ కేకు పొరల మధ్య పెట్టినా, చివరికి కోడివేపుడు దించేముందు ఒక గరిటె కలిపినా, తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కునేవాళ్ళు. చర్చిలో ఆవిడకి ముందు బల్ల దక్కింది భక్తి వల్ల కాదు, ఆ జాం వల్లేనని నా నమ్మకం. ఆ ఇంట్లో జాం ఎవరు చేస్తే క్రిస్మస్ వంట వాళ్ళది, వంటిల్లూ వాళ్ళదే.

చిన్నకోడలు హెప్సిబాకి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే కోరిక. ఆ పొయ్యి ముందు తనకీ కాస్త చోటు కావాలి. "నాకూ నేర్పండక్కయ్యా" అని వెంటపడింది. దొర్కమ్మ నవ్వుతూ ఒప్పుకుంది.

పండ్లు మరిగే నీళ్ళలో ముంచి తొక్క తియ్యడం, ముక్కలు తరగడం, పంచదార పట్టించడం అన్నీ సరిగ్గానే చెప్పింది. కానీ పీచ్ పండు దానంతటది గట్టిపడదు. నిమ్మరసం పిండాలి. చల్లటి పళ్ళెంలో చుక్క వేస్తే జారకుండా నిలిచేదాకా ఉడకనివ్వాలి. ఆ రెండూ దాచింది.

"మీరు నిమ్మకాయ పిండటం చూశానే అక్కయ్యా?"

"అదా? చేపలు కడిగిన చేతులకి రాసుకున్నాలే. ఇంక దించెయ్, ముదిరితే రాయైపోద్ది."

ఉడికించి ఆరబెట్టిన నాలో ఆ వేడి జాం పోసి మూత బిగించింది హెప్సిబా. వారం తర్వాత చూసినా నీళ్ళలాగే ఉంది. "ఈ ఎండలకి అట్టాగే ఉంటది. చలి పడితే గట్టిపడుద్ది" అంది దొర్కమ్మ. నమ్మింది పిచ్చిది.

కోత పండక్కి ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి చేతి కష్టం వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్లు, పచ్చళ్ళు. ఆరాధన కాగానే అన్నీ వేలం. పెట్టింది వెనక్కి తీసుకోకూడదు. "నీ పేరు మీద పెట్టు, నలుగురికీ తెలుస్తది" అని దొర్కమ్మే నన్ను హెప్సిబా చేతికిచ్చి పంపింది.

వేలం పాడే సంఘపెద్ద నన్ను పైకెత్తాడు. లోపల జాం చారులా అటూ ఇటూ ఊగింది.

"ఏమ్మా, ఇది రాసుకునేదా, తాగేదా?"

చర్చంతా గొల్లుమంది. దేవుడి సన్నిధిలో జనం అంత హాయిగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. ఒక్కరూ వేలం పాడలేదు. హెప్సిబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. అప్పుడు లేచింది దొర్కమ్మ. కోడిపుంజు పలికే ధర పాడి నన్ను కొనేసింది. "మా చెల్లి చేతి వంట పరాయిళ్ళకి పోనిస్తానా" అంటే, ఆవిడ మంచితనానికి అందరూ చప్పట్లు కొట్టారు.

కొన్నది తినడానికి కాదు. ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టింది. ఎవరొచ్చినా తీసి, ఒంచి చూపించేది. "మా హెప్సీ చేసిన జాం. వేలంలో పాడుకున్నా." నేను ఊగేదాన్ని, వాళ్ళు నవ్వేవాళ్ళు, హెప్సిబా వాళ్ళకి టీ ఇచ్చేది. నాకూ ఆ ఆట సరదాగానే ఉండేది. క్రిస్మస్ వంట దొర్కమ్మది, గిన్నెలు తోమడం హెప్సిబాది. అలా ఏళ్ళు గడిచాయి, నాలోని బంగారు రంగు నల్లబడింది.

ఒకనాడు దొర్కమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. పలచటి జావ తప్ప గొంతు దిగదు. వంటిల్లు హెప్సిబాకి దక్కింది, దాంతోపాటు దొర్కమ్మ కూడా. ముందుగదిలో, నాకు ఎదురుగా మంచం వేశారు.

చర్చి ఆడవాళ్ళు చూడ్డానికొచ్చారు. "ఎప్పుడూ జావేనా? నోటికి రుచిగా ఏదన్నా పెట్టు తల్లీ" అంది ఒకావిడ.

హెప్సిబా బీరువా తెరిచి నన్ను తీసింది. బిగుసుకుపోయిన మూత తిప్పి, ముందు తను వేలితో నాకి చూసింది. అలాగే నిలబడిపోయింది. "ఇంత బాగుందా!" అని గొణుక్కుంది. కళ్ళు తుడుచుకుని, చెంచాతో దొర్కమ్మ నోట్లో పోసింది. నమలక్కర్లేని జాం, మెత్తగా జారిపోయింది. ఎన్నాళ్ళకో తీపి తగిలిన ఆ ముఖం వెలిగింది. ఇంకా కావాలని నోరు తెరిచి, ఎడమచెయ్యి నా వైపు చాపింది.

హెప్సిబా మూత బిగించింది.

"చాలక్కయ్యా. వచ్చేవాళ్ళకి చూపించొద్దూ?"

నన్ను మళ్ళీ బీరువాలోనే పెట్టింది. మూత తీసిన జాం ఆ ఉక్కలో నిలవుండదు. అది ఇద్దరికీ తెలుసు. జావ తాగుతూ దొర్కమ్మ రోజూ నన్నే చూసేది. చూస్తుండగానే నాలో బూజు లేచి, దుప్పటిలా పైన పరుచుకుంది.

అప్పుడు హెప్సిబా నన్ను తీసి, ఆవిడ కళ్ళముందు ఒంచింది. లోపల ఏదీ కదల్లేదు.

"చూశారా అక్కయ్యా, మీరన్నట్టే గట్టిపడింది."