నీళ్లు నమిలే ఇల్లు

రోజూ పొద్దున్న ఆరింటికి టీసీగారి భార్య బాత్రూంలో కుళాయి కింద రెండు చేతులూ పెట్టి నిలబడుతుంది. రాత్రంతా ముడుచుకుపోయిన వేళ్లు వేడినీళ్లు తగిలితేనే ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. అందుకు ఇరవై నిమిషాలు కావాలి. గోడకున్న పాత గీజరు మాత్రం ఎనిమిది నిమిషాలకే చేతులెత్తేస్తుంది. ట్యాంకు మళ్లీ కాగడానికి అరగంట పడుతుంది. ఈలోపు విచ్చుకున్న వేళ్లు కాస్తా మళ్లీ ముడుచుకుంటాయి.

ఆవిడది కుట్టుపని. ఆస్పత్రి నర్సుల కోట్లు నూట ఇరవై, నెలాఖరుకల్లా కుట్టి ఇవ్వాలి. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి సంపాదించుకున్న పని అది. ఇది సవ్యంగా ఇస్తే ఏడాది పొడవునా కోట్లు కుట్టిస్తామన్నారు. ఇవ్వలేకపోతే మిషను మీద గుడ్డ కప్పేసి కూచోవడమే. బారు కుట్లు మిషను వేస్తుంది గానీ కాజాలూ గుండీలూ చేత్తోనే కుట్టాలి, దానికి వేళ్లు వంగాలి.

"ట్యాంకు లేని గ్యాస్ గీజరు వస్తోందటండీ. కుళాయి తిప్పినంతసేపూ వేడినీళ్లు వస్తాయట. పెట్టిద్దాం" అంది ఆవిడ.

"ఎంతవుతుందట?" అన్నారు టీసీగారు. ఆయన ఏ విషయమైనా అక్కణ్ణించే మొదలెడతారు.

ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరైనా నిజం దాచి ఇంకోమాట చెబితే నోట్లో నీళ్లు ఊరతాయి. ఉమ్మి కాదు, నిఖార్సైన మంచినీళ్లు, పుక్కిలి నిండా. నీళ్లు నమలడమంటే మిగతా ఇళ్లలో వట్టి మాట, అక్కడ నిజంగా నమలాల్సిందే. వీధిలో అందరికీ ఇది తెలుసు. ఎదురింటాయన అరువు తీసుకెళ్లిన నిచ్చెన గురించి అడిగితే "అబ్బే, నా దగ్గర లేదండీ" అంటూనే హాల్లో వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "రేపు పట్టుకొస్తా" అంటాడు. బేసిన్ హాల్లో పెట్టించింది అందుకే. కొన్ని ఇళ్లకి చెదలు, కొన్నిటికి చెమ్మ, ఆ ఇంటికి ఇది.

టీసీగారు ముప్ఫై అయిదేళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. అనుమానం పెనుభూతం అంటారు గదా, ఆయన ఆ భూతానికి మూడు పూటలా తిండిపెట్టి సాకారు. ఇంటి మహిమ ఆయనకి బాగా కలిసొచ్చింది. ఏ బేరమైనా హాల్లోనే. పళ్లమ్ముకునే వాణ్ణి కూడా లోపల కుర్చీలో కూచోబెట్టి "తియ్యగా ఉంటాయా?" అని అడిగి, వాడి బుగ్గలకేసి చూసేవారు. లోకంలో ఆయన నమ్మేవి రెండే రెండు. ఒకటి పొడినోరు, రెండోది కాయితం. మనిషి అబద్ధమాడతాడు గానీ టికెట్టు ఆడదని ఆయన సిద్ధాంతం.

ముందు ప్లంబరమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఆయన తోలు సంచీతోనే తిరుగుతోంది. గోడ తట్టి చూసింది, గొట్టాలు కొలిచింది, వంటింట్లోంచి బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టింది. తర్వాత హాల్లో కుర్చీలో కూచుంది. టీసీగారు ఎదురుగా, ఆమె నోటికి తిన్నగా కూచున్నారు.

"గీజరు కొనడం పెద్ద పని కాదు సార్. బిగించడానికే ఖర్చు. ఇది ఒక్కసారిగా బోలెడు గ్యాస్ లాగుతుంది, ఇప్పుడున్న సన్నగొట్టం చాలదు, లావుది వెయ్యాలి. గోడకి కన్నం పెట్టి పొగగొట్టం బయటికి తియ్యాలి. మీ బాత్రూంకి కిటికీ కూడా లేదు. పొగ లోపలే నిండితే, స్నానానికెళ్లిన మనిషి తన కాళ్ల మీద బయటికి రాదు సార్."

నోరు పొడిగానే ఉంది. టీసీగారు కొంచెం నిరాశపడ్డారు.

"మొత్తం ఎంత?"

"అయిదు నిమిషాలివ్వండి, లెక్కేసి చెప్తాను."

"ఎండన పడి వచ్చావు, లోపలికి రా అమ్మాయ్, మంచినీళ్లిస్తాను" అని ఆవిడ ఆ పిల్లని వంటింట్లోకి పిలిచింది.

గ్లాసుడు నీళ్లు తాగడానికి అంతసేపెందుకు? టీసీగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించారు. గుసగుసలు. ఆ గుసగుసల్లో భార్య గొంతు ఒక్క ముక్క మాత్రం స్పష్టంగా వినిపించింది. "వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు కదమ్మా."

అంటే? వేన్నీళ్ల గొట్టంతో పాటు చన్నీళ్ల గొట్టం కూడా అంటగడుతోందన్నమాట! ఆడవాళ్లని వంటింట్లో పట్టుకుని ఒప్పిస్తే సరిపోతుందనుకుందా? టీసీగారు పేపరు మడిచి సిద్ధంగా కూచున్నారు.

ప్లంబరమ్మాయి వచ్చి కుర్చీ అంచున కూచుంది. "సార్, అంతా కలిపి ఇరవై ఆరు వే..." బుగ్గలు పొంగాయి. చటుక్కున లేచి బేసిన్ దగ్గరికి పరుగెత్తింది.

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నారు టీసీగారు తీరుబడిగా.

"ఇరవై ఆ..." మళ్లీ బేసిన్.

"నెమ్మదిగా చెప్పు, తొందరేం లేదు."

మూడోసారి ఆ పిల్ల నోరు తెరవకుండానే గడ్డం మీంచి నీళ్లు కారాయి. వంటింటి గుమ్మంలో ఆవిడ ఏదో అనబోయి, భర్త మొహం చూసి ఆగిపోయింది. టికెట్ లేనివాణ్ణి రైలు బాత్రూంలో పట్టుకున్న రోజుల్లో టీసీగారి మొహం సరిగ్గా అలాగే ఉండేది.

"తర్వాత కబురు చేస్తాంలే" అన్నారు.

ఆ పిల్ల సంచీ భుజానికేసుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఎవరితో పెట్టించుకున్నా సరే సార్, పొగగొట్టం మాత్రం వదిలెయ్యకండి." ఈసారి చుక్క నీరు రాలేదు. టీసీగారు అది చూశారు. చూసి, దీనివెనకాల ఇంకేం ఎత్తుందోనని ఇంకా అనుమానించారు.

మర్నాడు మధ్యాహ్నం గీజర్ల షాపతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, మొహం నిండా నవ్వు. ఈ ఇంటి సంగతి ఊళ్లో ఎవరో ముందే చెప్పినట్టున్నారు, హాల్లో అడుగుపెట్టగానే బేసిన్ వైపు ఓసారి చూసి మరీ కూచున్నాడు.

"ఎంతవుతుంది?"

అతను మాట్లాడలేదు. ఫైల్లోంచి మూడు ముద్రలున్న కాయితం తీసి బల్ల మీద పెట్టాడు. "అన్నీ ఇందులో రాశాను సార్."

"గ్యాస్ గొట్టం మారుస్తారా?"

"నాలుగో వరస చూడండి సార్."

"పొగగొట్టం?"

"ఆరో వరసలో ఉందండి."

ఉంది. పొగగొట్టంతో సహా అంతా కలిపి ఇరవై రెండు వేలని అచ్చుగుద్దినట్టు రాసి ఉంది. షాపతని నోరు ఎండాకాలం కాలవలా ఉంది. పొడినోరూ కాయితమూ రెండూ ఒక్కచోట దొరికేసరికి టీసీగారికి ప్రాణం లేచొచ్చింది. బీరువాలోంచి పదివేలు అడ్వాన్సు తెచ్చి, సంతకానికి కలం మూత తీశారు.

అప్పుడు ఆవిడ కుడుతున్న కోటు చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చింది.

"బాబూ, నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనపడ్డం లేదు. ఆ ఆరో వరస కాస్త పైకి చదివి వినిపించు."

కళ్లజోడు ఆవిడ నుదుటి మీదే ఉంది. టీసీగారు అది చూశారు. ఆ మాట అన్నాక ఆవిడ గొంతు ఒక్కసారి కిందికీ పైకీ కదలడం కూడా చూశారు.

"సార్ చదివారు కదమ్మా" అన్నాడు షాపతను.

"సార్ చదివారు. నేను వినలేదు. చదువు నాయనా."

అతను కాయితం అందుకున్నాడు. నవ్వు అలాగే ఉంది. "పొగగొట్టం, గోడకి కన్నం, బిగింపు... మా..." అంతే. చెంబు బోర్లించినట్టు నీళ్లు కాయితం మీద పడ్డాయి. మూడు ముద్రలూ కలిసి ఒకే మరక అయిపోయాయి. అతను బేసిన్ దాకా వెళ్లి వచ్చి మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ వెళ్లాడు. నాలుగోసారికి రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రేటుకి పొగగొట్టం ఎక్కణ్ణించి వస్తుందండీ? చూడ్డానికి గోడలోకి ఒక ముక్క దూర్చి వదిలేస్తాం. అందరూ చేసేది అదే" అన్నాడు. నోరు పొడిబారింది.

టీసీగారు కలానికి మూత పెట్టేశారు. కిటికీ లేని ఆ గదిలో, తలుపు మూసుకుని, రోజూ ఇరవై నిమిషాలు నిలబడేది ఎవరు? ఆయనకి అంత భయం రైలుద్యోగంలో ఎన్నడూ వెయ్యలేదు. షాపతను తడిసిన ఫైలు తీసుకుని ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా ఆయన గమనించలేదు.

చాలాసేపటికి, "నువ్విందాక గుటకేశావు" అన్నారు భార్యతో.

"వేశాను."

"కళ్లజోడు కనపడలేదన్నది అబద్ధం."

"అబద్ధమే."

"మరి బేసిన్ దగ్గరికి వెళ్లలేదే?"

"నేనెప్పుడు వెళ్లానండీ? అందరూ ఉమ్మేస్తారు, నేను మింగేస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా."

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గొంతు కదలడం ఆయన చూస్తూనే ఉన్నారు. అదేదో అలవాటనుకున్నారు. వెయ్యిమందిలో టికెట్ లేనివాణ్ణి వెనకనించి పట్టిన మనిషి!

"అంతగా ఏం దాచావు?"

"పొద్దున్నే వేళ్లు నొప్పిగా ఉన్నాయా అంటారు, లేవంటాను. ఉన్నాయన్నానా, ఎప్పట్నించి, ఎందుకొచ్చింది, ఎవరికి చెప్పావు, ఏ డాక్టరు, ఎంత గుంజాడు... మధ్యాహ్నం దాకా తనిఖీ. దానికన్నా గుక్కెడు నీళ్లు నయం కదా." ఆవిడ కోటు మడతపెడుతూనే చెప్పింది. "నిన్న ఆ పిల్ల అసలు చెప్పింది నలభై వేలు. మీరు వింటే గుండె పట్టుకుంటారని, పద్నాలుగు నా కుట్టు డబ్బుల్లోంచి ఇస్తాను, ఆయనకి ఇరవై ఆరని చెప్పమన్నాను. మీ డబ్బుకి నాదీ కాస్త, వేన్నీళ్లకు చన్నీళ్లు తోడని బతిమాలాను. పాపం, ఆ పిల్ల నమిలింది నా నీళ్లు."

"నాతోనే ఆ మాట చెప్పొచ్చుగా."

"చెబితే నమ్మేవారా?"

"ఎందుకు నమ్మను, నమ్మే..."

ఆ ముక్క పూర్తికాలేదు. టీసీగారి నోటి నిండా నీళ్లు, పళ్లు జివ్వుమనేంత చల్లగా. ఆయనకిది ఎన్నడూ ఎరగని అనుభవం. ఆ ఇంట్లో ప్రశ్నలన్నీ ఆయనవే, జవాబు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. కడుపులో నీళ్లు కదలకుండా కాపరం చేసిన మనిషి. బేసిన్ నాలుగడుగుల దూరంలో ఉంది. భార్య చూస్తోంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని మింగేశారు. ఆ చలి గుండెల మీదుగా దిగి కడుపులో పడింది. రోజుకి ఎన్నిసార్లు మింగిందో, ముప్ఫై ఒక్క ఏళ్లకి ఎన్నయ్యాయో లెక్కవెయ్యబోయి, చేతకాక ఆపేశారు. ఆయనకి సిగ్గేసింది.

"నమ్మేవాణ్ణి కాదు" అన్నారు.

నోరు పొడిగా ఉంది.

ఆ సాయంత్రం ప్లంబరమ్మాయికి కబురు పంపలేదు. తనే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు. "అసలెంతమ్మా?" అని అడిగారు. "నలభై వేలు సార్" అంది ఆ పిల్ల. మామూలు ఇల్లు, మామూలు గాలి, ఆ నోట్లో నీళ్లు ఊరే వీలే లేదు. ఆయన కాసేపు ఆ పిల్ల మొహం వంక చూసి, "రేపు మొదలెట్టు" అన్నారు.

పని మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆరింటికి ఆవిడ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. పది నిమిషాలైంది, పదిహేనైంది, కుళాయి ఆగలేదు. టీసీగారు తలుపు బయట నిలబడ్డారు.

"ఏమోయ్, నొప్పిగా ఉందా?"

లోపల నీళ్ల చప్పుడు.

"ఉందండీ" అంది ఆవిడ. "ఎడమచెయ్యి బాగా నొప్పిగా ఉంది."

ఎప్పట్నించి, ఎందుకు, నిన్నెందుకు చెప్పలేదు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆయన నాలిక మీదికొచ్చాయి. ఒక్కటీ అడగలేదు.

"నిదానంగా రా. నేను సూదుల్లో దారాలెక్కిస్తూ ఉంటాను" అని వెళ్లి మిషను పక్కన చాప మీద కూచున్నారు.

ఆవిడ వచ్చేసరికి పన్నెండు సూదులు దారాలతో సిద్ధంగా ఉన్నాయి. ఆయన కళ్లజోడు సవరించుకుంటూ పదమూడో దానితో కుస్తీ పడుతున్నారు.

"అది ఇటివ్వండి" అంది ఆవిడ.

"నాకొచ్చులే" అన్నారాయన. ఆ వెంటనే బుగ్గలు పొంగాయి. ఆవిడ పకపకా నవ్వి, విచ్చుకున్న వేళ్లతో సూది అందుకుని మొదటి గుండీ కుట్టడం మొదలెట్టింది.