పెళ్ళిబుట్ట గీసిన గిరి

నేను ఒక బుట్టని. బుట్ట అనగానే పేడబుట్టో చేపలబుట్టో అనుకునేరు, పెళ్ళిబుట్టని. ముహూర్తం వేళకి పెళ్ళికూతురిని కూర్చోబెట్టి మేనమామలు మండపం దాకా మోసుకొస్తారు చూడండి, ఆ బుట్టని. నాకు చదువు లేదు. లోపల లేదు గానీ ఒంటి మీద దండిగా ఉండేది. నాలుగేళ్ళకోసారి పాత పేపరు ముక్కలు మెంతిపిండితో అతికించి నాకు పూత వేసేవారు. ఎన్ని ప్రభుత్వాలు వచ్చి నా వీపు మీద ఎండిపోయాయో లెక్క చెప్పలేను.

నన్ను అల్లింది సామర్లకోటలో మేదర పోలమ్మ. మాణిక్యాంబ పెళ్ళికని ఆవిడ తండ్రి చెప్పి అల్లించాడు. పిల్ల బరువు ఆగుతుందా అని ఆయన ముందూ వెనకా తిప్పి చూస్తుంటే పోలమ్మ నోట్లో చుట్ట తీసి, "అడుగుదేవుందండీ, ఎప్పుడో ఒకప్పుడు పోద్ది. అంచు చూడండి. అంచు గట్టిగుంటే బుట్ట బతుకుద్ది" అంది. ఆయన విననట్టే ఊరుకున్నాడు. నేను విన్నాను.

అలా నాలో మొదట కూర్చున్న పెళ్ళికూతురు మాణిక్యాంబ. పదిహేడేళ్ళ పిల్ల, చేతిలో కొబ్బరిబోండం, కంట్లో నీళ్ళు. పాదం నేలకి తగలకూడదని మేనమామలు ఎంత జాగ్రత్తగా మోశారనుకున్నారు. తెల్లారితే ఆ పాదాలే పొయ్యి దగ్గర నుంచి బావి దాకా, బావి దగ్గర నుంచి పొయ్యి దాకా తిరిగాయి. మనుషులంతే. అపురూపం ఒక్క పూట, చాకిరీ జన్మంతా.

తర్వాత ఆ వీధిలో ఏ ఇంట పెళ్ళయినా నన్నే పట్టుకెళ్ళేవారు. "మాణిక్యాంబగారి బుట్ట చల్లని బుట్టండీ" అనేవారు. మూలింటి కామేశ్వరికి, మాణిక్యాంబ కూతురికి, ఇంకా పేర్లు చెబితే మీకు విసుగొచ్చేటంతమందికి నేనే వాహనాన్ని. పెళ్ళిళ్ళు లేనప్పుడు అటక మీద ఇత్తడి గంగాళం పక్కన పడుకునేదాన్ని. పిల్లి నాలో రెండు కాన్పులు పోసుకుంది. దానికి మేనమామలెవరూ రాలేదు.

ఇంతలో ఆ రోగం వచ్చింది. ఊరికి తాళం పడింది. అటక మీది నుంచి నన్ను దింపితే పెళ్ళి కాబోలనుకుని మురిసిపోయాను. మాణిక్యాంబ నా చెవులకి కొబ్బరితాడు కట్టి మేడ మీది వసారాలోంచి వీధిలోకి వదిలింది. కింద కూరగాయల నూకరాజు తోపుడుబండితో నిలబడి, నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంటి మామ్మగారూ, వంకాయలకి పల్లకీ పంపేరేంటండీ?"

"చిన్నబుట్టలో చెయ్యీ చెయ్యీ తగులుతుందిరా. దీంట్లో అయితే దూరాన్నుంచే విసరొచ్చు. పుచ్చులుంటే మాత్రం మళ్ళీ నీ నెత్తి మీదకే దింపుతాను."

పెళ్ళికూతుళ్ళని మోసిన నేను అప్పట్నుంచి వంకాయలూ ఆనపకాయలూ మోశాను. ఏడవని బరువు మోయడం అదే మొదలు. అయితే పైకి రాగానే నాకు స్నానం. పసుపునీళ్ళు, తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నపుటెండ. కాయలకి ఒకసారి, నాకు రెండుసార్లు. కొన్నాళ్ళకి మెంతిపూత కరిగి, పేపర్లు ఊడి, నా చదువంతా తూములోంచి వీధిలోకి పోయింది. అడుగున బద్దలు లూజయ్యాయి. చెప్పుకుందామంటే నాకు నోరేది?

మేడ మీంచి వేలాడుతూ లోకాన్ని బాగా చూశాను. కిరాణాకొట్టు ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీశారు, ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి నిలబడాలని. పోలీసు ఉన్నంతసేపూ నిలబడ్డారు. ఆయన టీకి వెళ్ళగానే ఒక్క గుండ్రంలో ముగ్గురు చేరి, మిగతా గుండ్రాలు కుక్కలకి వదిలేశారు.

అయినా ఆ రోజులే నయమని మాణిక్యాంబ అనేది. కొడుకు శేషగిరి ఇంట్లోనే, కోడలు సుభాషిణి ఇంట్లోనే, మనవరాలు హైమ ఇంట్లోనే. బయట గాలి లోపలికి రాలేదు. ఆవిడ భయమల్లా సడలింపులతో మొదలైంది.

శేషగిరికి బట్టలకొట్టు ఉంది. తెరుచుకోవచ్చన్నారని ఆ రోజు పాయసం వండించుకుని మరీ తిన్నాడు. టీవీలో మనిషి, కొట్లు తెరవచ్చు, తిరగవచ్చు, పెళ్ళిళ్ళు చేసుకోవచ్చు, ముసలివాళ్ళు మాత్రం ఇంట్లోనే ఉండాలి అని చదివాడు. మాణిక్యాంబ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఒరే శేషూ, అనుమతి మనకిచ్చారు సరే. రోగానికి చెప్పారంటావా?"

"అంతా తగ్గిపోయిందమ్మా. తగ్గకపోతే ఎందుకు తెరుస్తారు?"

"తగ్గితే నన్నెందుకు కూర్చోమన్నారు మరి? తలుపు నాకేశారు, దానికి తీశారు."

జవాబు లేనప్పుడు మగవాళ్ళు చేసే పనే శేషగిరి చేశాడు, చెప్పులేసుకుని బయటికి పోయాడు. సాయంత్రం వచ్చాడు. మూతిగుడ్డ గడ్డం కింద వేలాడుతోంది. అదెందుకురా అక్కడ అంటే, "పొద్దుటి నుంచి పెట్టుకునే ఉన్నానమ్మా" అన్నాడు. పెట్టుకున్నాడు, నిజమే. మెళ్ళో తాయెత్తులా.

ఆ తర్వాత మూలింటి కామేశ్వరి పోయింది. గడప దాటని మనిషి, తులసికోటకి కూడా కిటికీలోంచే దణ్ణం పెట్టుకున్న మనిషి. కొడుకు స్నేహితులు అంతా సడలించారుగా అని వచ్చి రాత్రి దాకా పేకాడి వెళ్ళారు. రోగానికి దారి చూపించడానికి అంతమంది అక్కర్లేదు. ఆవిడ పెళ్ళినాడు నాకు గుర్తుంది. నా చెవులు పట్టుకోవడానికి మేనమామలు నేనంటే నేనని తోసుకున్నారు. పోయిననాడు వీధి తలుపులన్నీ మూసుకున్నాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని నలుగురు ప్లాస్టిక్ కోట్లేసుకొచ్చి తీసుకెళ్ళారు. నేనూ మాణిక్యాంబా పైనించి చూశాం. ఆవిడ నా తాడు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

మర్నాడు ఆవిడ తన మంచం, దేవుడి పటం, నన్నూ తీసుకుని డాబా మీద గదిలోకి మారిపోయింది. సర్కారు ఎత్తేసిన లాక్‌డౌన్‌ని ఆవిడ ఒక్కతీ తన తలుపుకి బిగించుకుంది. అన్నం నాలోనే పైకి వచ్చేది, కంచం నాలోనే కిందికి పోయేది. వీధిలో అందరూ నవ్వారు. "పెద్దావిడకి చాదస్తం ముదిరిందండీ" అన్నారు. చచ్చిపోతే పాపం అంటారు, చావకుండా జాగ్రత్తపడితే చాదస్తం అంటారు.

ఇక్కడ వచ్చింది చిక్కు. హైమకి తుని సంబంధం కుదిరి ఉంది. చైత్రంలో కావలసిన పెళ్ళి రోగం వల్ల శ్రావణానికి వాయిదా పడింది. యాభైమందిని పిలుచుకోవచ్చన్నారు. ఆ మాట వినగానే శేషగిరి లెక్క వేసుకున్నాడు. పొద్దుట టిఫినుకి యాభై, ముహూర్తానికి యాభై, మొదటి బంతికి యాభై, రెండో బంతికి యాభై.

"యాభై అంటే మొత్తం యాభై కదండీ?" అంది సుభాషిణి.

"ఒక్కసారికి యాభై అని. అందరూ ఒకేసారి ఉంటేగా తప్పు?"

హైమ డాబా ఎక్కి గుమ్మం అవతల నిలబడింది. మాణిక్యాంబ తలుపు తీయలేదు, కిటికీ తీసింది.

"నానమ్మా, నువ్వు రావా?"

"పిట్టగోడ మీంచి చూస్తానే తల్లీ. అక్షింతలు బుట్టలో దింపుతాను."

"బుట్టలో నేనుండాలి కదే."

ఆ పిల్లని పెంచిన చేతులవి. పిల్ల పెళ్ళి పీటల మీద కూర్చుంటే పక్కన లేకపోవడమా, ఉండి కామేశ్వరిలా వెళ్ళిపోవడమా? ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని, "నాకు బతకాలనుందే. ఈ వయసులో ఆ మాట పైకి అనడానికి సిగ్గేస్తోంది" అంది. ఆ మాట నేనూ హైమా తప్ప ఎవరూ వినలేదు.

హైమ కిందికి వెళ్ళి తండ్రితో ఒకటే చెప్పింది. "మండపం డాబా మీద వేయించండి నాన్నా. పట్టినంతమందే పైకి రావాలి. మీ బంతులు కింద పెట్టుకోండి." నీళ్ళట్యాంకు, గది పోగా ఆ డాబా మీద మిగిలింది మండపానికీ దగ్గరవాళ్ళకీ చాలినంతే. ఏ అధికారీ చెయ్యలేని పని నీళ్ళట్యాంకు చేసింది. శేషగిరి గొణిగాడు గానీ, పెళ్ళికూతురితో ముహూర్తం ముందు పోట్లాడే తండ్రి ఇంకా పుట్టలేదు.

పెళ్ళినాడు నాకు పసుపు రాసి బొట్లు పెట్టారు. హైమ కూర్చుంది. నా అడుగు కిర్రుమంది. మేనమామలిద్దరూ నన్నెత్తి మెట్లెక్కడం మొదలుపెట్టారు. మూతిగుడ్డలు జారాయి, సర్దుకుందామంటే చేతులు ఖాళీ లేవు. "పిల్ల బరువెక్కిందిరా" అని పెద్దాయన, "లాక్‌డౌన్‌లో ఎవరు ఎక్కలేదు, నీ పొట్ట చూసుకో" అని చిన్నాయన. చివరి మలుపు దగ్గర నాలో ఏదో వదిలేసింది. సబ్బునీళ్ళు, పసుపునీళ్ళు, ఎండలు అన్నీ ఒక్కసారి లెక్క తేల్చాయి. అడుగంతా ఊడి మెట్ల మీద పడింది, హైమ దాని మీద రెండు కాళ్ళతో నిలబడింది.

మేనమామలకి తెలియలేదు. బరువు తగ్గిందని హుషారుగా మెట్లెక్కేస్తున్నారు. నడుం చుట్టూ నేను, నాలో హైమ, కొబ్బరిబోండం గుండెలకి హత్తుకుని గబగబా తానే మెట్లెక్కింది. మోస్తున్న పేరు వాళ్ళది, నడక పిల్లది. అప్పుడనిపించింది, ఆ టీవీ మనిషి చదివిన సడలింపులు కూడా అచ్చం నాలాగే ఉన్నాయని. పట్టుకోవడానికి అంచుంది, కాయడానికి అడుగు లేదు.

డాబా మీదికి రాగానే పెళ్ళికొడుకు మేనత్త చూసింది. ఆవిడకి మూతిగుడ్డ లేదు, అందుకని మాట సూటిగా వచ్చింది. "అయ్యో, పెళ్ళికూతురి పాదం నేలకి తగిలిందండీ. బుట్ట అడుగు ఊడ్డం అపశకునం కదండీ?"

బాజా ఆగింది. పురోహితుడు పంచాంగంలోకి చూశాడు. పంచాంగంలో బుట్టల సంగతి ఉండదు. పెళ్ళికొడుకు తండ్రి చూపు శేషగిరి మొహంలోకి, శేషగిరి చూపు నేలమీదికి. హైమ నా మధ్యలో అలాగే నిలబడింది. పెదవి వణుకుతోంది. యాభై ఏళ్ళ కిందట అదే పెదవి, అదే వణుకు నాలో చూశాను. ఇంటి పెద్ద ఎవరైనా ఒక్క మాట చెప్పాలి. ఆ పెద్ద తలుపేసుకుని కూర్చుంది.

గది గడియ తీసిన చప్పుడు అందరికీ వినిపించింది.

మాణిక్యాంబ పట్టుచీర కట్టుకుని ఉంది. రానన్న మనిషి ఎప్పుడు కట్టుకుందో నాకూ తెలియదు. కళ్ళు తప్ప ముఖమంతా తెల్లగుడ్డలో ఉంది. గుమ్మంలోనే నిలబడి, "అపశకునవేంటమ్మా?" అంది. "మా ఇంట ఆనవాయితీయే అది. ఆఖరి మెట్ల మీద బుట్ట అడుగు తీసేస్తాం. పిల్ల తన కాళ్ళతో నడిచి పీటలెక్కాలి. నన్నూ అలాగే తెచ్చారు."

పచ్చి అబద్ధం. సాక్షిని నేనే. ఆవిడ్ని పీటల దాకా అడుగున్న బుట్టలో ఏడిపిస్తూ మోసుకొచ్చారు.

"అలాగా అండీ. మాకు తెలియదండీ" అంది మేనత్త, గొంతు తగ్గించి. పురోహితుడు, "చాలా పురాతనమైన ఆచారం" అని తల ఊపాడు. బాజా మళ్ళీ అందుకుంది.

హైమ నాలోంచి బయటికొచ్చి పీటలెక్కింది. అప్పుడు గానీ మాణిక్యాంబకి తనెక్కడున్నదీ తెలిసిరాలేదు. చుట్టూ మనుషులు. గడ్డాల కింద గుడ్డలు. మేనత్త అప్పుడే పలకరించడానికి చేతులు చాచుకుని వస్తోంది. ఆవిడ గదివైపు ఒకసారి చూసింది, పీటల మీద పిల్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత నా వైపు.

"ఒరే, ఆ బుట్ట ఇలా పడెయ్యండి. ఇంకా ఆచారం అవలేదు."

పిట్టగోడ పక్కన, పీటలు బాగా కనబడేచోట నన్ను నేలమీద పెట్టించింది. మధ్యలో ప్లాస్టిక్ స్టూలు వేయించుకుని, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, నా అంచు దాటి వచ్చి కూర్చుంది. "తాళి కట్టేదాకా ఇంటి పెద్ద ఈ గిరిలో ఉండాలి. దీనికి నాలుగడుగుల దూరంలోకి ఎవరూ రాకూడదు. వస్తే దంపతులకి మంచిది కాదు."

మేనత్త కాలు గాల్లోనే ఆగిపోయింది. పిల్లల్ని పక్కకి లాగారు. కొందరైతే గడ్డం కింది గుడ్డ ముక్కు మీదికి లాక్కుని నాకు దణ్ణం పెట్టారు. పోలీసు కర్ర పట్టుకుని గీయించిన గుండ్రంలో పోలీసు కనుమరుగయ్యేదాకా నిలబడ్డ మనుషులే. ప్రాణం పోతుందని చెబితే వినలేదు. ఆచారం పోతుందంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు.

ముహూర్తం అయ్యింది. హైమ తల తిప్పి నానమ్మని చూసి నవ్వింది. మాణిక్యాంబ అక్షింతలు గిరిలోంచే విసిరింది. నూకరాజు వంకాయలు విసిరిన గురితో విసిరింది.

తర్వాత శేషగిరికి జ్వరం వచ్చింది. బంతుల దగ్గర తిరిగినవాడు కదా. కొన్నాళ్ళు మంచానపడి లేచాడు. కోలుకునేదాకా తల్లి వండిన అన్నం డాబా మీంచే అతని కిటికీకి దిగింది, ఈసారి మామూలు చిన్నబుట్టలో. మాణిక్యాంబకి ఏమీ కాలేదు. చాదస్తం అన్న మాట మళ్ళీ ఆ వీధిలో వినబడలేదు. దాని బదులు, "అత్తయ్యగారూ, మీ గిరి ఒకసారి ఇస్తారా, మా వోణీల ఫంక్షను" అని వచ్చేవారు. నేను వెళ్ళేదాన్ని. ఎవరి ముసలమ్మో, ఎవరి ముసలాయనో నాలో కూర్చుని నిర్భయంగా మనవల్ని చూసుకునేవారు. మొన్నటిదాకా లేని ఆచారాన్ని మూడిళ్ళవాళ్ళు తమ తాతలనాటిదని చెప్పుకోవడం కూడా విన్నాను.

ఇప్పుడు డాబా మీద మేకుకి వేలాడుతున్నాను. ఆ గుండ్రాలన్నీ వానలకి ఎప్పుడో కొట్టుకుపోయాయి. పోలమ్మ మాట నిజమే, అంచుతోనే బతికాను. బీరపాదు ఒక తీగ పంపి నా చెవి పట్టుకుంది. సాయంత్రాలు మాణిక్యాంబ స్టూలు తెచ్చుకుని నా కింద కూర్చుంటుంది. ఒక్కోసారి చెయ్యి పైకి చాపి నా అంచు తడుముతుంది, ఎక్కడైనా వదులైందేమోనని.

పదిహేడేళ్ళప్పుడు ఆ పిల్లని ఎవరో ఎత్తి నాలో కూర్చోబెట్టారు. ఈసారి తనంతట తాను అంచు దాటి వచ్చి కూర్చుంది. ఏడవలేదు.