ఎన్నడూ ఒంటరి కాని తండ్రి

నాగులమ్మకు నీళ్లంటే చచ్చేంత భయం. అయినా ఆ సోమవారం పొద్దున, కృష్ణా నది పొంగుతుంటే, ఆత్మకూరు దగ్గరి రేవుకు పోయి, పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ నడిపే బీరన్నను దాటించమని పట్టుబట్టింది.

"నీళ్లు జూసినవా అక్కా? రెండు దినాలు ఆగు."

"జానయ్య ఆగడు బీరన్నా."

జానయ్య అవతలి ఒడ్డున క్షయతో మంచం పట్టాడు. భార్య, ఒక్కగానొక్క కొడుకు కలరాకు పోయారు. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపించే నాగులమ్మను శుక్రవారం అతను అడిగాడు: "అక్కా, కొడుకు పుట్టకముందు ఆ తండ్రి దేవుడు ఒక్కడే ఉండెనా?"

తండ్రి ముందు, కొడుకు తర్వాత, అంతే కదా అనుకుని ఆమె అవునంది.

జానయ్య మొహం గోడకు తిప్పుకున్నాడు. "అంటే ఆయనది గూడ కొడుకు పుట్టినంక నడుమ వచ్చిన ప్రేమనే. నడుమ వచ్చింది నడుమనే పోతది. నేను ఎవరి తానికి పోతున్ననక్కా?"

ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో కుమారుడు లేని కాలమే లేదన్నారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ మొదలే లేని ప్రేమలో ఎప్పుడూ కలిసే ఉన్నారన్నారు. చావుకు దగ్గరైన మనిషిని తప్పుడు మాటతో భయపెట్టి వచ్చానని నాగులమ్మకు తెలిసింది.

నది నడుమ పుట్టి గిర్రున తిరిగింది. నీళ్లు లోపలికి ఎగిరిపడ్డాయి. "తోడెయ్యి!" అని బీరన్న అరిచాడు. ఆమె డొప్పతో తోడేస్తూనే ఉంది, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. మునిగిపోతే ఆ తప్పుడు మాటే జానయ్యకు మిగిలిపోతుందని ఇంకా జోరుగా తోడింది.

ఒడ్డు చేరగానే తడిబట్టలతోనే జానయ్య ఇంట్లోకి పరుగెత్తింది. జానయ్య చెల్లెలు రామమ్మ అతనికి చెంచాతో గంజి తాగిస్తోంది. ఊపిరి ఉంది.

"తమ్మీ, నేను తప్పు జెప్పిన. ఆ తండ్రి ఎన్నడు ఒక్కడే లేడు."

"గదెట్ల?"

"నువ్వు నాయినవెప్పుడైనవ్?"

"పోరడు పుట్టినంక."

"ఆయన ఎప్పటికీ నాయిననే. గందుకే కొడుకు లేని దినం లేదు. ఆళ్ల నడుమ ఆత్మ లేని దినం గూడ లేదు. గది మొదలైన ప్రేమ గాదు తమ్మీ, ఆగిపోనీకి."

జానయ్య గంజి చెంచాను పక్కకు నెట్టాడు. "మరి నా జాగా?"

"గా ప్రేమలకే పిలుస్తున్నడు నిన్ను."

"జర కూసో అక్కా. భయమైతాంది." ఆమెకూ భయంగానే ఉంది. చెయ్యి పట్టుకుని కూర్చుంది. బుధవారం మధ్యాహ్నం ఆ చేతిలోనే జానయ్య చెయ్యి పట్టు సడలి, ఊపిరి ఆగింది.

నది తగ్గాక నాగులమ్మ ఇవతలికి వచ్చి, తడబడుతూ, జానయ్యకు చెప్పిందంతా పాస్టరుగారికి అప్పజెప్పింది. "మల్ల తప్పు జెప్పిననా అయ్యగారూ?"

"లేదమ్మా. సరిగ్గనే జెప్పినవు."

అప్పుడు నాగులమ్మ చర్చి మెట్ల మీద కూలబడి, వారం నుంచి బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది.