కరెంటు పొయ్యి మీద నీళ్లు

పక్క మేడవాళ్లు పొగ గురించి గొడవ చేశారు. బొగ్గులు వెలిగిస్తే హోటలు ఖాళీ చేయాల్సిందేనని ఇంటి యజమాని తేల్చేశాడు. మర్నాడే బావమరిది కరెంటు గ్రిల్లు తెచ్చి మేడ మీద పెట్టాడు.

హోటలు అత్తగారిది. మేడ మీద మాంసం కాల్చే పని పెళ్లయిన నాటి నుంచి అల్లుడిది. అత్తగారి కొడుకు, అంటే గ్రిల్లు తెచ్చిన బావమరిది, కింద గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. ఇప్పుడతను, "గ్రిల్లు తెచ్చింది నేను, వండేదీ నేనే. బావ గల్లా చూసుకుంటాడు" అన్నాడు. అల్లుడికి వంట తప్ప చేతనైన పని లేదు. వచ్చినవాళ్లని నవ్వుతూ పలకరించడం అసలు చేతకాదు.

అత్తగారు ఇద్దరినీ కూర్చోబెట్టింది. "ఆదివారం మధ్యాహ్నం స్కూలు టీచర్ల భోజనాలున్నాయి. ఇద్దరూ దాని మీదే వండండి. అది ఎవరికి లొంగితే మేడ వాళ్లది."

ఆదివారం పొద్దున్నే బావమరిది పొట్టేలు పక్కటెముకలకి మసాలా పట్టించి గ్రిల్లు పై అరలో పెట్టాడు. కింద కడ్డీ ఎర్రబడింది. కడ్డీ పక్కన చిన్న డబ్బాలో చెక్క ముక్కలు రాజుకుని, మూత కింద ఇమిడేంత పొగ మొదలైంది. మూత వేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత అల్లుడు వచ్చి కింది అరలో కోడి కాళ్లు పేర్చాడు. చేపలు, మొక్కజొన్న పొత్తులు, అనాస ముక్కలు పళ్లేల్లో వంతు కోసం ఉన్నాయి.

అల్లుడు మూత తీశాడు. చూశాడు. వేశాడు. కాసేపటికి మళ్లీ తీశాడు.

"ఎన్నిసార్లు తీస్తావు బావా? పొగంతా పోతోంది. పైన నా మాంసం ఉంది."

"చూడకుండా ఎలా వండుతార్రా? కళ్లకి గంతలు కట్టుకోమంటావా?"

"మూత మీద ముల్లుంది కదా, లోపల వేడెంతో అది చెప్తుంది."

"ముల్లుకి నాలుకుందా? నిప్పు లేనిదే పొగ రాదంటారు. నీ పెట్టె సామెతలు కూడా చెడగొట్టింది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో. ఇల్లరికం వచ్చినవాడికి ఇన్ని వంకలేంటో."

"ఏరా, నేను ఇక్కడ కోళ్లు కాలుస్తుంటే నువ్వు లాగులు తడుపుకుంటూ తిరిగేవాడివి."

"అందుకే ఇప్పుడు నా వంతు."

మొక్కజొన్న పొట్టు వొలుస్తున్న అల్లుడి భార్య తలెత్తలేదు. "మీ ఇద్దరి నోళ్లూ ఆ మూత కింద పెట్టండి. త్వరగా ఉడుకుతాయి."

"నువ్వుండక్కా. నీ మొగుడి వంట ఇవాళ్టితో సరి."

అల్లుడు మళ్లీ మూత తీశాడు. కోడి కాళ్ల నుంచి కొవ్వు కారి కడ్డీ మీద పడింది. మంట లేచింది. బొగ్గుల పొయ్యి దగ్గర ఇది రోజూ జరిగేదే. మంట లేస్తే నీళ్లు చిలకరించాలి, లేకపోతే మాంసం మాడుతుంది. అందుకోసం మూతకి చిల్లులు పొడిచిన సీసా ఎప్పుడూ ఎడమ చేతి పక్కన ఉంచుకునేవాడు. ఇవాళ కూడా ఉంది. కళ్లు కోడి మీద ఉన్నాయి. ఎడమ చెయ్యి సీసా అందుకుని కడ్డీ మీద చిలకరించింది.

కడ్డీ చిటపటమని పగిలింది. గోడ మీద పెట్టెలో స్విచ్చు టప్పున పడిపోయింది. మేడ మీద ఫ్యాను ఆగింది.

బావమరిది పరుగెత్తి ప్లగ్గు పీకాడు. వంగి చూశాడు. పక్కటెముకలు పైన రంగు తిరిగాయి కానీ, కత్తి గుచ్చితే లోపల పచ్చిగానే ఉన్నాయి. "అమ్మా!" అని అరిచాడు. "పైకి రా! నీ అల్లుడు కొంప ముంచాడు!"

అత్తగారు మెట్లెక్కి వచ్చింది. గ్రిల్లు చూసింది, సీసా చూసింది. కింద టీచర్లు కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"అల్లుడూ, తెలియక పోశావా, కావాలని పోశావా?"

అల్లుడు నోరు తెరిచాడు. ఈలోగా బావమరిది నవ్వాడు.

"కావాలని పోసే తెలివి కూడానా? కరెంటు మీద నీళ్లు పోయకూడదని ఒకటో తరగతి పిల్లలకి తెలుసు. బావకి తెలీదంతే. పాపం, వదిలెయ్యమ్మా. రేపట్నుంచి నేను నేర్పిస్తాలే."

అల్లుడు సీసా కింద పెట్టాడు.

"కావాలనే పోశాను" అన్నాడు.

బావమరిది నవ్వు ఆగిపోయింది. అల్లుడి భార్య చేతిలో పొత్తు పట్టుకుని లేచి నిలబడింది.

"అబద్ధమమ్మా" అంది. "నేను చూశాను. చెయ్యి దానంతట అదే వెళ్లింది."

"నువ్వు నోర్ముయ్" అన్నాడు అల్లుడు. "కావాలనే పోశానని చెప్తున్నానా?"

అత్తగారు ఆ సీసా చేతిలోకి తీసుకుంది. "తెలియక చేశానంటే కొత్త కడ్డీ వేయించి నిన్ను మళ్లీ ఇక్కడే నిలబెట్టేదాన్ని. కావాలని తిండి పాడు చేసేవాణ్ని పొయ్యి దగ్గరికి రానివ్వను. కిందికి దిగు. గల్లా దగ్గర కూర్చో. ఒరేయ్, ఆ మాంసం ముక్కలు కొట్టి గ్యాసు పొయ్యి మీదికి ఎక్కించు."

భార్య మెట్ల మీద అతన్ని పట్టుకుంది. "వెనక్కెళ్లి నిజం చెప్పు. మేడ దక్కుతుంది."

"దక్కి? వాడి దగ్గర పాఠాలు చెప్పించుకోవాలా?"

"చెప్పించుకుంటే ఏం అరిగిపోతావు?"

"నన్ను దుర్మార్గుడనుకోనీ. చేతకానివాడు అంటే పడను."

"అయితే గల్లా దగ్గరే ముసలాడివి అవ్వు" అని ఆమె పైకి వెళ్లిపోయింది.

అతను వెళ్లి గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్న టీచరమ్మ ఒకావిడ దగ్గరికొచ్చి, "భోజనాలకి ఇంకా ఎంతసేపండీ? పైన వండేది మీరేగా?" అంది.

"కాదు, మా బావమరిది" అన్నాడు అతను. "ఆకలేస్తే ఇంకో హోటలు చూసుకోండి."